ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోతే: కొత్త కారులో సేఫ్టీ లోపం బయటపడిన రోజు నుంచి కన్స్యూమర్ కమిషన్ దాకా ఏం చేయాలి

కారు కొని 14 నెలలు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగాం. తిని మళ్లీ స్టార్ట్ చేస్తే మీటర్లో ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది, కూర్చున్న మనిషి, అతని ముందు ఒక గుండ్రటి బుడగ. వెలగడం మామూలే, రోజూ వెలిగి ఆరిపోతుంది, ఆ రోజు మాత్రం ఆరలేదు. మా ఆవిడ "ఏంటండీ అది?" అంటే "ఏదో సెన్సార్ అయ్యుంటుందిలే" అన్నాను. కారు నడుస్తోంది, ఏసీ వస్తోంది, పాటలు వస్తున్నాయి, ఇంకేం కావాలి. అలాగే వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని ఇంకో 140 కిలోమీటర్లు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత ఒకే సమస్య మీద మూడుసార్లు సర్వీస్ సెంటర్‌కి తిరిగాను. ఆ తిరుగుడులో నేర్చుకున్నదీ, తర్వాత చట్టం, తీర్పులు చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఎయిర్‌బ్యాగ్ చుట్టూనే ఎక్కువ రాశాను గానీ బ్రేకు, స్టీరింగ్, నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోవడం లాంటి వాటికీ దారి ఇంచుమించు ఇదే.

1. ముందు ఆ లైటు ఏం చెబుతోందో చూడండి

ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి, సుమారు 6 సెకన్లలో ఆరిపోవాలి. ఆ కాసేపట్లో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ తన వైరింగ్ అంతా ఒకసారి తడిమి చూసుకుంటుంది. బ్యాగులు, సీటు బెల్టును లాగి బిగించే ప్రీటెన్షనర్లు, బంపర్ వెనక ఉండే క్రాష్ సెన్సార్లు, సీటు కింద కనెక్టర్లు, అన్నీ అందులోకే వస్తాయి.

ఆరకుండా ఉండిపోయినా, మధ్యలో మిణుకుమిణుకుమన్నా ఎక్కడో లోపం దొరికిందని అర్థం. ఆ స్థితిలో యాక్సిడెంట్ అయితే బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. కొన్ని కార్లలో లోపం ఉన్న భాగం ఒక్కటే పనిచేయదు, కొన్నిట్లో మొత్తం సిస్టమే పక్కకు తప్పుకుంటుంది. మీ కారులో ఏది జరిగిందో డ్రైవర్ సీట్లో కూర్చుని చెప్పలేం.

ఇంకో రకం ఉంది, అది ఇంకా చెడ్డది. లైటు అసలు వెలగనే వెలగదు. చాలామంది "హమ్మయ్య, ఏ లైటూ లేదు" అనుకుంటారు. వెలగాల్సిన 6 సెకన్లూ వెలగలేదంటే ఆ లైటే పోయి ఉండాలి, లేదా ఎవరో కావాలని తీసేసి ఉండాలి. సెకండ్ హ్యాండ్ కార్ల సంగతి కింద చెబుతాను.

లైటు వెలిగాక కారు నడపక తప్పకపోతే అందరూ బెల్టు పెట్టుకోండి, వీలైతే ముందు సీటు ఖాళీగా ఉంచండి, స్పీడు తగ్గించండి. ఎయిర్‌బ్యాగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని ఉంటుంది కదా, అందులో మొదటి ఎస్‌కి అర్థం "అదనపు" అని. అంటే అసలు కాపలా బెల్టుదే, బ్యాగ్ దానికి తోడు మాత్రమే. బెల్టు లేకుండా బ్యాగ్ ఒక్కటే తెరుచుకుంటే, గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో మీదికొచ్చే ఆ సంచీయే మొహాన్ని పచ్చడి చేస్తుంది.

వెంటనే ఫోన్ తీసి వీడియో తీయండి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఆన్ చేసి, లైటు ఆరకపోవడం, ఓడోమీటర్ రీడింగ్, రెండూ ఒకే వీడియోలో రావాలి. నేను మొదటిసారి తీయలేదు. సర్వీస్ సెంటర్‌కి వెళ్లేసరికి లైటు తనంతట తనే ఆరిపోయింది, వాళ్లు నన్ను అదోలా చూశారు.

2. ఇంట్లో చూడగలిగినవి చూడండి, చేయి పెట్టకూడని చోట పెట్టకండి

హారన్ మోగుతోందా? స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్లు పనిచేస్తున్నాయా? ఇవి కూడా అప్పుడప్పుడూ మొరాయిస్తుంటే అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీదికి వెళ్తుంది. స్టీరింగ్ ఎటు తిప్పినా డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కనెక్షన్ తెగకుండా ఉండటానికి లోపల గడియారం స్ప్రింగులా చుట్టిన ఒక సన్నటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, అదే క్లాక్ స్ప్రింగ్. కొందరు స్పైరల్ కేబుల్ అంటారు. స్టీరింగ్ తిప్పి తిప్పి అది ఒకచోట చీలితే, చక్రం ఒక కోణంలో ఉన్నప్పుడు కనెక్షన్ ఉంటుంది, ఇంకో కోణంలో ఉండదు. లైటు వస్తూ పోతూ ఉండటానికి తరచుగా కనిపించే కారణాల్లో ఇదొకటి. నా కారులో జరిగింది కూడా ఇదే.

రెండోది సీటు కింద. టార్చ్ వేసి చూస్తే పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, కార్లలో పసుపు రంగు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కి గుర్తు. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు లాగుకుపోవడం, సీటు కింద తోసిన నీళ్ల సీసా, గొడుగు వైరుకి తగలడం, కార్ వాష్ వాడు వ్యాక్యూమ్ పైపుతో పొడవడం, ఇవన్నీ జరుగుతాయి. సీటు అటూ ఇటూ జరిపితే లైటు వచ్చి పోతోందంటే ఆ సంగతి రాసిపెట్టుకుని సర్వీస్ సెంటర్ అడ్వైజర్‌కి చెప్పండి.

అంతవరకే. ఆ పసుపు వైర్లకు మల్టీమీటర్ పెట్టి చూడటం, టెస్ట్ ల్యాంప్ తగిలించడం, స్టీరింగ్ మధ్య భాగం ఊడదీయడం మాత్రం చేయొద్దు. లోపల ఉన్నది మందుగుండు, కొద్దిపాటి కరెంటు చాలు పేలడానికి. బ్యాటరీ తీసేసినా యూనిట్‌లో దాచిన కరెంటు కొంతసేపు ఉంటుంది. మీ కాలనీలో ఎంత మంచి ఎలక్ట్రీషియన్ ఉన్నా సరే, ఈ పని ఆయనది కాదు.

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు దొరికే స్కానర్ చాలావరకు ఇంజిన్ కోడ్లే, అంటే లోపం ఎక్కడుందో చెప్పే గుర్తులే చదువుతుంది, అవి పి అక్షరంతో మొదలవుతాయి. ఎయిర్‌బ్యాగ్ కోడ్లు బి తో మొదలవుతాయి, అవి చదవాలంటే ఎస్‌ఆర్‌ఎస్ చూడగలిగే స్కానర్ కావాలి. కొన్నా చదవడానికే వాడండి, కోడ్ చెరిపేయకండి. చెరిపేస్తే మీ చేతులతో మీరే సాక్ష్యం తుడిచేసినట్టు.

3. మనం చేసుకున్నవి మనమే సరిచేసుకోవాలి

కంపెనీని నిలదీసే ముందు కారులో మనం అదనంగా తగిలించినవి ఒకసారి చూసుకోవాలి. ఎందుకంటే రేపు వాళ్లు మొదట చూపించేది అవే.

సైడ్ ఎయిర్‌బ్యాగులు సీటు పక్క కుట్టులోంచి చించుకుని వస్తాయి. దాని మీద మందపాటి రెక్సిన్ కవర్ బిగించి కుట్టిస్తే అది ఎటు వస్తుంది? సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉంటే, ఆ చోట తెరుచుకునేలా తయారైన కవరే వేయించాలి, లేదా కవర్ మానుకోవాలి.

డ్యాష్‌బోర్డ్ మీద వెంకటేశ్వర స్వామిని, వినాయకుడిని అతికించడం మనకు అలవాటు. పూజ చేయించిన రోజే అతికించేస్తాం. అతికించిన చోటు సరిగ్గా ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత అయితే, బ్యాగ్ తెరుచుకున్న క్షణంలో ఆ ఇత్తడి విగ్రహం రాయిలా మొహం మీదికి వస్తుంది. స్వామిని ఒక జానెడు పక్కకి జరిపితే ఆయనేమీ అనుకోడు. స్టీరింగ్ మీద పసుపు కుంకుమ బొట్లకు ఏ ఇబ్బందీ లేదు.

కారు ముందు బిగించే ఇనుప కడ్డీలు, అంటే బుల్ బార్లు, కేంద్రం 2017 డిసెంబర్‌లోనే చట్టవిరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. అవి దెబ్బ కారు ఒంటికి చేరే తీరును మార్చేస్తాయి, దాంతో సెన్సార్ లెక్క తప్పుతుంది. ఇక బెల్టు మోత ఆపడానికి బకిల్‌లో గుచ్చే క్లిప్పులు. 2023 మే నెలలో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 5 ఆన్‌లైన్ అమ్మకం కంపెనీల మీద ఆర్డర్ ఇచ్చి 13,118 లిస్టింగులు తీయించింది. చాలా కార్లలో బెల్టు పెట్టారో లేదో చూసే, బ్యాగ్‌ని ఎంత దెబ్బకు పేల్చాలో యూనిట్ తేల్చుకుంటుంది. క్లిప్ పెట్టారంటే బెల్టు పెట్టుకున్నానని దానికి అబద్ధం చెబుతున్నారన్నమాట.

పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం గురించి పెద్దవాళ్లతో వాదించాల్సి వస్తే వాదించండి. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు, ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.

4. సర్వీస్ సెంటర్: ఇక్కడ మీ ఆయుధం జాబ్ కార్డు

జాబ్ కార్డంటే కారు ఏ ఫిర్యాదుతో వచ్చిందో సర్వీస్ సెంటర్ వాళ్లు రాసి మనతో సంతకం పెట్టించుకునే కాగితం. నాకు జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు చెబుతాను.

"సార్, స్కాన్ చేశాం, కోడ్ క్లియర్ చేశాం, ఇప్పుడు ఓకే."

"ఏం కోడ్ తమ్ముడూ?"

"పాత కోడే సార్, హిస్టరీలో ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్ ఇష్యూ."

"మరి జాబ్ కార్డులో జనరల్ చెకప్ అని రాశారేంటి?"

"అదంతా ఒకటే సార్."

ఒకటి కాదు. రెండుసార్లు ఇలాగే పంపించారు, రెండు జాబ్ కార్డుల్లోనూ ఎయిర్‌బ్యాగ్ అన్న మాటే లేదు. ఆ మధ్యలో ఏదైనా జరిగి ఉంటే, కాగితాల ప్రకారం నా కారుకి ఎయిర్‌బ్యాగ్ సమస్య ఎప్పుడూ రానే లేదు. మూడోసారి నేను సంతకం పెట్టకుండా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. "ఎయిర్‌బ్యాగ్ వార్నింగ్ లైటు ఆరడం లేదు, హారన్ అప్పుడప్పుడూ మోగడం లేదు, ఇదే సమస్యకు ఇది మూడోసారి రావడం" అని నేను చెప్పిన మాటలే రాయించాను. ఆ రోజు వర్క్‌షాప్ మేనేజర్ స్వయంగా వచ్చాడు, స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పుతూ స్కానర్ పెట్టి చూశారు, ఎడమవైపు ఒకచోట కనెక్షన్ తెగడం స్క్రీన్ మీద కనిపించింది. క్లాక్ స్ప్రింగ్ వారంటీలో మార్చారు. పనికి పట్టింది ఒక పూట, నేను తిరిగింది ఏడు వారాలు.

కాబట్టి వెళ్లిన ప్రతిసారీ ఈ పనులు చేయండి. మీ ఫిర్యాదు మీ మాటల్లో జాబ్ కార్డుకి ఎక్కాలి, కిలోమీటర్లు, తేదీతో సహా. కోడ్ చెరిపే ముందు స్కాన్ రిపోర్ట్ ప్రింట్ అడగండి, ఇవ్వము అంటే స్క్రీన్ ఫోటో తీసుకోండి, "పాలసీ లేదు సార్" అంటే ఆ పాలసీ లేదన్న మాటే ఈమెయిల్‌లో పెట్టమనండి. ఏ భాగం మార్చారో పార్ట్ నంబర్‌తో బిల్లు మీద ఉండాలి, వారంటీలో సున్నా రూపాయలకు మార్చినా సరే బిల్లు తీసుకోవాలి. కారు తీసుకెళ్లేటప్పుడు "సంతృప్తి చెందాను" అన్న చోట గుడ్డిగా సంతకం పెట్టకండి. లైటు మళ్లీ వస్తే ఇదే ఫిర్యాదుగా పరిగణించాలి అని ఒక లైను రాసి సంతకం పెట్టండి.

ఇంటికొచ్చాక రెండు లైన్ల ఈమెయిల్, డీలర్‌కీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ కలిపి. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది. వాట్సాప్ కూడా ఫరవాలేదు, ఈమెయిల్ మేలు.

"ఎలుక కొరికింది, వారంటీ వర్తించదు" అనే మాట కూడా వినబడవచ్చు. నిజంగా కొరికి ఉండొచ్చు, మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలకు కరువా? కానీ కొరికిన వైరు చూపించమనండి, ఫోటో తీసుకోండి. చూపించకుండా ఆ కారణం ఒప్పుకోవద్దు.

5. రీకాల్ ఉందేమో వెతకండి

మీకొచ్చిన సమస్య మీ ఒక్కరిది కాకపోవచ్చు. 2022 డిసెంబర్ 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైన 17,362 కార్లను ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌లో లోపం ఉందేమోనన్న అనుమానంతో మారుతీ సుజుకీ వెనక్కి పిలిచింది. ఆల్టో కే10, ఎస్‌ప్రెస్సో, ఈకో, బ్రెజా, బలెనో, గ్రాండ్ విటారా, అన్నీ అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి. యూనిట్ మార్చేదాకా అనుమానం ఉన్న కార్లు నడపొద్దని కూడా చెప్పింది. దానికి ముందు 2022లోనే వెనక బ్రేకులో ఒక పిన్ను విషయమై 9,925 వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లకు రీకాల్ వచ్చింది. కొత్త కారు కాబట్టి లోపం ఉండదు అనే మాటకు అర్థం లేదు, తయారీ లోపం బయటపడేదే మొదటి ఏడాది రెండేళ్లలో.

వెతకడం తేలిక. ఆర్‌సీ మీద ఛాసిస్ నంబర్ ఉంటుంది, 17 అక్షరాలూ అంకెలూ కలిపి. కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ లేదా సర్వీస్ క్యాంపెయిన్ అన్న పేజీలో ఆ నంబర్ కొట్టండి. వాహన తయారీదారుల సంఘం సియామ్ సైట్‌లో కూడా స్వచ్ఛంద రీకాళ్ల జాబితా ఉంటుంది. ఉత్తరం రాలేదు కాబట్టి రీకాల్ లేదనుకోకండి. ఇల్లు మారినా, ఫోన్ నంబర్ మారినా, కారు చేతులు మారినా ఆ ఉత్తరం పాత యజమానికే వెళ్తుంది. ఏడాదికి రెండుసార్లు చూడండి. రీకాల్ రిపేరుకి డబ్బు కట్టనవసరం లేదు.

తకాటా సంగతి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే అది మన వాతావరణానికి దగ్గర. జపాన్ కంపెనీ తకాటా ఎయిర్‌బ్యాగ్‌ను పేల్చే మందుగా అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడీ తేమా తగిలి ఆ మందు పాడై, పేలాల్సిన దానికన్నా గట్టిగా పేలి, ఇనుప డబ్బా ముక్కలై లోపలున్నవాళ్లకు గుచ్చుకుంది. ప్రపంచవ్యాప్తంగా కోట్ల సంఖ్యలో కార్లు వెనక్కి వచ్చాయి, 2017 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది. హోండా, టొయోటా లాంటివి ఇండియాలో కూడా పాత మోడళ్లకు ఈ బ్యాగులు మార్చాయి. మీ ఇంట్లో రెండో కారుగా పదీ పదిహేనేళ్ల నాటి కారు ఉంటే, అందులోనూ విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి ఉక్క ఊళ్లో తిరిగిన కారైతే, ఈ రాత్రే ఛాసిస్ నంబర్ కొట్టి చూడండి.

6. వరదలో మునిగిన కార్లు, సెకండ్ హ్యాండ్ కార్లు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో, అంతకుముందు 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు నీళ్లలో నానాయో అందరం చూశాం. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా ఎక్కడ ఉంటుందో తెలుసా? గేర్ లివర్ దగ్గర, సెంటర్ కన్సోల్ కింద, నేలకి ఆనించి బిగించి ఉంటుంది. నీళ్లు కార్పెట్ దాటాయంటే ముందు మునిగే వాటిలో అదొకటి. ఆరబెడితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, కారు నడుస్తుంది, ఆ యూనిట్ కనెక్టర్ పిన్నులు మాత్రం లోపల నెమ్మదిగా తుప్పు పట్టి నెలల తర్వాత లైటు వెలిగిస్తాయి.

రెండు మూడేళ్ల కారు తక్కువ ధరకి వస్తోందంటే బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటే మడత లోపల దాక్కుంటుంది. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, స్పేర్ టైరు గుంటలో ఒండ్రు, ఇవీ చూడండి. తర్వాత లైటు పరీక్ష. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు తన లెక్కన తాను వెలిగి ఆరాలి. ఆయిల్ లైటుతో పాటే వెలిగి దానితో పాటే ఆరుతోందంటే రెండు వైర్లూ కలిపేశారేమో. ఇంకా తెలివైనవాళ్లు పేలిపోయిన బ్యాగ్ స్థానంలో చిన్న రెసిస్టర్ పెట్టి యూనిట్‌ని మోసం చేస్తారు, అప్పుడు లైటు కూడా సరిగ్గానే ఆరుతుంది, బ్యాగ్ ఉండాల్సిన చోట ఖాళీ. అందుకే కంపెనీ సర్వీస్ హిస్టరీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ తీయించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

7. యాక్సిడెంట్ అయింది, బ్యాగ్ తెరుచుకోలేదు

మనుషుల్ని చూసుకోవడం ముందు. మిగతాదంతా తర్వాత. కానీ ఆ తర్వాత అన్నది చాలా త్వరగా రావాలి, ఎందుకంటే మొదటి రెండు రోజుల్లోనే సాక్ష్యం పోతుంది.

తెరుచుకోకపోవడం ప్రతిసారీ లోపం కాదు, ఇది నిజాయితీగా ఒప్పుకోవాలి. యూనిట్ కొలిచేది కారు ఎంత నుజ్జయిందని కాదు, వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందని. వెనక నుంచి గుద్దినా, బోల్తా కొట్టినా ముందు బ్యాగులు తెరుచుకోవాల్సిన పని లేదు. హైవే పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీ కిందకి కారు దూరిపోతే, బంపర్‌కి దెబ్బ తగలకుండానే బానెట్ లోపలికి వెళ్లి అద్దం, పైకప్పు నలిగిపోతాయి, అప్పుడు బ్యాగ్ ఆలస్యం కావచ్చు, అసలు రాకపోవచ్చు. గోడకో, ఎదురుగా వచ్చిన బండికో, చెట్టుకో ముందు నుంచి గట్టిగా గుద్దినా ఏమీ రాలేదంటే అప్పుడు అడగాల్సిందే.

కారును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. స్టీరింగ్, డ్యాష్‌బోర్డ్ మూత, బెల్టు లాక్ అయి ఉన్న తీరు, పగిలిన అద్దం, మీటర్లో వెలుగుతున్న లైట్లు. రోడ్డు మీద టైర్ల గుర్తులు కూడా. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ లేదా కనీసం జనరల్ డైరీ ఎంట్రీ, ఆసుపత్రిలో మెడికో లీగల్ రికార్డు, ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్ట్ కాపీ, ఇవి ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, రిపేరుకి ఒప్పుకోకండి. "సార్, ఎస్టిమేట్ మీద సంతకం పెట్టండి, రేపటికి పని మొదలుపెడతాం" అంటారు. ఎయిర్‌బ్యాగ్ యూనిట్ తీసేస్తే కథ అయిపోయింది. చాలా కొత్త కార్ల యూనిట్‌లో గుద్దుకోవడానికి ముందు కొన్ని సెకన్ల వేగం, బ్రేకు, బెల్టు వివరాలు ఉంటాయి. "నా సమక్షంలో, రాతపూర్వకంగా డేటా తీసి కాపీ ఇచ్చేదాకా యూనిట్ తీయొద్దు, మార్చొద్దు, చెరపొద్దు" అని డీలర్‌కీ, కంపెనీకీ, ఇన్సూరెన్స్ వాళ్లకీ అదే రోజు ఈమెయిల్ పెట్టండి. కంపెనీ ఇంజినీర్ వచ్చి చూసి "దెబ్బ సరిపోలేదు" అని నోటితో చెబితే, ఆ రిపోర్ట్ కాగితం మీద అడగండి.

8. ఫిర్యాదు మెట్లు

మొదట డీలర్, కంపెనీ. ఈమెయిల్‌లో తేదీల వరస, జాబ్ కార్డుల కాపీలు, ఏం కావాలో ఒక్క లైను, 15 రోజుల గడువు. కోపం రాయకండి, తేదీలు రాయండి.

జవాబు రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కానీ ఫిర్యాదు కంపెనీ నోడల్ ఆఫీసర్ దాకా వెళ్తుంది, నాకు తెలిసి చాలా చిన్న గొడవలు అక్కడే తెగిపోతాయి.

అదే సమయంలో కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో వాహన రీకాల్ విభాగం కింద కూడా లోపం నమోదు చేయండి. 2019 మోటార్ వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ ప్రకారం, ఒక రకం వాహనంలో ప్రమాదకరమైన లోపం ఉందని తేలితే ప్రభుత్వమే రీకాల్‌కి ఆదేశించవచ్చు, కంపెనీ బాగు చేయాలి, లేదా మార్చాలి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది, వాహనం వయసు ఏడేళ్ల లోపు ఉండాలి. మీ ఒక్క ఫిర్యాదుతో కదలదు, లెక్క కూడాలి. అందుకే ప్రతి యజమానీ నమోదు చేయాలి అంటున్నాను.

ఆపైన కన్స్యూమర్ కమిషన్. కారుకి మీరు కట్టిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. 12 లక్షల కారుకి ఫీజు 400 రూపాయలు. కారు ఎక్కడ కొన్నా మీరు ఉండే ఊళ్లో, లేదా పనిచేసే ఊళ్లో వేయొచ్చు, ఆన్‌లైన్‌లో కన్స్యూమర్ కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా. రెండేళ్ల లోపు వేయాలి. లోపం ఉందా లేదా అన్నది పరీక్షిస్తే గానీ తేలదంటే, ల్యాబ్‌కి పంపమని కమిషన్‌నే కోరవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఆ వీలుంది.

ఇక్కడ ఒక తీర్పు తెలిసి ఉండాలి. 2015లో హ్యుందాయ్ క్రెటా కొన్న ఒక వినియోగదారు 2017 నవంబర్‌లో ఢిల్లీ–పానిపట్ హైవే మీద యాక్సిడెంట్‌లో గాయపడ్డారు, ముందు బ్యాగులు తెరుచుకోలేదు. ఢిల్లీ రాష్ట్ర కమిషన్ 3 లక్షల పరిహారం ఇవ్వమంది, కారు కూడా మార్చి ఇవ్వమంది. హ్యుందాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2022 ఏప్రిల్ 20న కోర్టు ఆ అప్పీలు కొట్టేసింది. దెబ్బ వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారు ఫిజిక్స్ నిపుణుడు కానక్కర్లేదు అన్నది ఆ తీర్పులో సారం. ఇలాంటి లోపం గుద్దుకున్న రోజు గానీ బయటపడదు కాబట్టి గడువు లెక్క కారు కొన్న రోజు నుంచి కాదనీ తేల్చింది. మీ ఫిర్యాదులో దీన్ని తప్పకుండా ఉదహరించండి. అలాగని ఈ ఒక్క తీర్పు చూసుకుని గెలిచేశాం అనుకోవద్దు. ఆ కేసులో ముందు పిల్లర్, రూఫ్, తలుపు దెబ్బతిన్న తీరు రికార్డులో ఉంది, మీ దగ్గర ఫోటోలు లేకపోతే మీ కేసు వేరే కేసు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు దారి ఇంకా సులువు. అక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ నంబర్, అంటే ఛాసిస్ నంబర్ కొడితే మిగిలిపోయిన రీకాల్ చూపిస్తుంది, ఫిర్యాదు కూడా అక్కడే. డల్లాస్‌లో చదువుకునే పిల్లలు మొదట కొనేది ఎక్కువగా పాత జపాన్ కారే, అక్కడి ఎండకి తకాటా సంగతి ఇంకా ముఖ్యం, కాబట్టి డబ్బు కట్టే ముందే ఆ 17 అక్షరాలు కొట్టి చూడమనండి.

చివరి దశలో కంపెనీ రాజీకి వస్తే గుడ్‌విల్ అని ఒక మొత్తం, దానితో పాటు ఒక కాగితం ఇస్తారు. చదవండి. "వాహనంలో ఎలాంటి లోపమూ లేదని అంగీకరిస్తున్నాను, ఇకపై ఏ క్లెయిమూ చేయను" అని ఉంటే ఆ మొదటి సగం కొట్టేయమనండి. రేపు అదే కారులో అదే లైటు వెలిగితే ఆ వాక్యం కింద మీ సంతకం ఉంటుంది. నాకు ఇచ్చిన కాగితంలో అది ఉంది, నేను పెన్నుతో గీత కొట్టి, పక్కన "మూడుసార్లు వచ్చాక క్లాక్ స్ప్రింగ్ మార్చారు" అని రాసి, తేదీ వేసి ఇచ్చాను. వాళ్లు పది నిమిషాలు లోపల మాట్లాడుకుని తీసుకున్నారు.